తోక ఉన్న రిపోర్టు

ఖానాపూర్ నుంచి వచ్చిన పెద్దాయన ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. కొడుకు గనిలో పనిచేస్తాడు కాబట్టి తండ్రికీ మా దవాఖానలోనే వైద్యం. ఫిలిం కడిగి ఆరేదాకా కూర్చోమన్నాం. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిలా ఉన్నాడు, రిజిస్టరు ముందు కూర్చున్న నాతో మాట కలిపాడు.

"ఇంతకుముందు గీడ పనిజేసిన ఎక్స్‌రే డాక్టరు సారుది మా ఊరే బిడ్డా. మొన్న చేనుకాడికెల్లి సైకిల్ మీద ఇంటికచ్చిండు. సైకిల్ గోడకు పెట్టి ఇంటి ముందటి గద్దె మీద కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

నేనప్పుడు రిజిస్టర్లో పెద్దాయన వయసు రాస్తున్నాను. ఐదు అంకె వేశాను. పక్కన ఎనిమిది వేయడం మరిచిపోయాను.

ఆ డాక్టరు గారి పేరు ఇక్కడ రాయను. రాసినా మా కాలనీలో సగం మందికి ఎవరో తెలియదు. అందరికీ ఆయన ఎక్స్‌రే సారు. పైగా, రోజంతా పేర్లు మూసిపెట్టి పని చేసిన మనిషి ఆయన. ఫిలిం చేతికి రాగానే మూలన ఉన్న పేరు మీద చిన్న నల్ల కాగితం ముక్క అంటించేవారు. ఫిలింలు చుట్టి వచ్చే కాగితాన్నే అందుకోసం వేలెడంత ముక్కలుగా కత్తిరించి ఒక రేకు డబ్బాలో పెట్టుకునేవారు. నంబరు కనిపించాలి, పేరు కనిపించకూడదు. రిపోర్టు చెప్పి, నేను రాసి, ఆయన చదివి సంతకం పెట్టాకే ఆ ముక్క ఊడదీసేవారు.

ఎందుకని మొదటి వారంలోనే అడిగాను. అడిగానంటే, డార్క్ రూమ్‌లో ఫిలింలు కడిగే రాజమౌళి కాకతో అడిగించాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కొత్తవాళ్ల ముందు గొంతు పెగిలేది కాదు.

"పేరు చూస్తే కన్ను మొగమాటపడ్తది," అన్నారు సారు, రాజమౌళి కాకను కాకుండా నన్ను చూస్తూ. "ఆఫీసరైతె లేని రోగం కనవడ్తది. కూలోడైతె ఉన్న రోగం కనవడది."

*

నేను ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్నప్పుడు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని ఎక్స్‌రే గదిలో రిజిస్టరు రాసే పని ఇచ్చారు. మొదటి రోజు ఆయన లైటు పెట్టె మీద ఒక ఫిలిం పెట్టి ఏం కనబడుతోందని అడిగారు. చివరికి, తెల్లగా ఉంది, నల్లగా ఉంది అన్నాను. రాజమౌళి కాక కిసుక్కున నవ్వాడు. సారు నవ్వలేదు.

"మంచిగ చెప్పినవ్. ఉన్నది చెప్పినవ్, లేనిది చెప్పలే. ఇగ కూసో."

అలా కూర్చున్నదాన్ని ఆయన రిటైరయ్యేదాకా ఎనిమిదేళ్లు ఆయన ఎడమ పక్కనే కూర్చున్నాను.

ఆయన వీపు కొద్దిగా వంగి ఉండేది. కుర్చీలో కూర్చుంటే గడ్డం లైటు పెట్టె అంచుకు తగిలేంత దగ్గరగా వచ్చేది. తెల్ల బుష్‌షర్టు జేబులో పెన్ను బదులు చిన్న దువ్వెన ఉండేది. తల దువ్వుకోవడానికి కాదు, వెన్నుపూసలు లెక్కపెట్టడానికి. దువ్వెన వెనకవైపుతో ఫిలిం మీద ఒక్కో పూసను టక్ టక్‌మని తట్టేవారు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. రెండు లెక్కలూ కలిస్తేనే నోరు తెరిచేవారు. కలవకపోతే బల్ల మీద డబ్బాలోంచి నాలుగు మక్కజొన్న ప్యాలాలు నోట్లో వేసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు.

ఆయనకు వీపు ఫిలిం అంటే ప్రత్యేకమైన ఇష్టం. మా దగ్గరికి నడుం నొప్పులే ఎక్కువ వచ్చేవి. బొగ్గు తీసే ఊళ్లో నడుం నొప్పి లేని ఇల్లు ఉండదు. నడుముకు పైన, పక్కటెముకలు అంటుకుని ఉండే పన్నెండు పూసల ఫిలిం ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చిందంటే కుర్చీ ముందుకు జరుపుకునేవారు. "నడుం ఫిలిం అంటె అంగడి, అన్ని కండ్ల ముందట్నే ఉంటయి. వీపు ఫిలిం అంటె అడివి. పక్కటెముకలు అడ్డమొస్తయి, గుండె అడ్డమొస్తది, ఊపిరి సుత అడ్డమొస్తది. తొవ్వ ఎరుకున్నోడె నడవాలె."

ఆ అడవిలో ఆయన వెంట నడిచి నేర్చుకున్నవి నా డైరీల నిండా ఉన్నాయి. రిపోర్టు ఇంగ్లీషులో పోవాలి. కానీ ఆయన ముందు తెలుగులో తనకు తాను చెప్పుకునేవారు, తరువాత ఇంగ్లీషులో నాకు చెప్పేవారు. ఇంగ్లీషు రిజిస్టర్లోకి పోయేది. తెలుగు నేను గుర్తు పెట్టుకుని ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. వయసు మీద పడ్డ పూసల అంచులకు చిలుక ముక్కుల్లాంటి మొనలు మొలుస్తాయి. పూసల మధ్య సందు సన్నబడుతుంది. అంచు తెల్లబడి గట్టిపడుతుంది. వీటన్నిటికీ కలిపి ఆయన పెట్టిన పేరు 'అరుగుడు'. "ఎంటికలు నెరుసుడు ఎట్లనో గిదీ గట్లనే. నెరిసిన తలకాయ చూసి అయ్యో అంటమా? పూసకు ముక్కొస్తె ఎందుకు అయ్యో అనాలె?"

వీపు పూసలకు ఆ ముక్కులు కుడివైపే పెద్దగా ఎందుకు పెరుగుతాయో ఒకరోజు ఆయనంతట ఆయనే చెప్పారు. గుండెలోంచి దిగే పెద్ద నాళం ఎడమ పక్కనుంచి పోతుంది, అది పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉంటుంది. "మనిషి మెసిలే అర్రల సాలెపురుగు గూడు కడ్తదా? కట్టది. కుడిదిక్కు ఎవలు మెసలని అర్ర. గాడ కడ్తది." ఫిలిం తిరగేసి పెడితే ఆయన ఇట్టే పట్టుకునేది ఇందువల్లనే. ముక్కులు ఎడమవైపు కనబడగానే, కుడి ఎడమలు తెలిపే సీసం అక్షరం చూడకుండానే, "రాజమౌళీ, మనిషిని అద్దంల చూపిస్తున్నవ్" అని కేకేసేవారు.

రిజిస్టరు కింద లైబ్రరీ నవల పెట్టుకుని చదువుతానని ఆయనకు తెలుసు. ఎవరూ లేనప్పుడు, లైటు పెట్టె మీంచి చూపు తిప్పకుండానే అడిగేవారు.

"ఇయ్యాల నీ కథల ఎవలు సచ్చిండ్రు బిడ్డా?"

"ఎవలు సావలే సారూ. పెండ్లయింది."

"గట్లనా. మరి గదింకా పరేషాన్ ముచ్చట గదా."

నేను నవ్వు ఆపుకోలేక రిజిస్టర్లో తల దాచుకునేదాన్ని. ఇంట్లో నన్ను కన్న అవ్వ కూడా నా నవ్వు అంతగా విని ఉండదు.

*

ఆయన సొరుగులో ఒక పాత వీపు ఫిలిం ఉండేది. దాని పేరు మీది నల్ల కాగితం ఎప్పుడూ ఊడదీసేవారు కాదు. అది బయటికి వచ్చే సందర్భం ఒకటే.

ఒకసారి గనిలో కూలీలపైన ఓవర్‌మన్‌గా చేసే ఆయన వచ్చాడు. నాలుగు నెలల కిందట ఎక్కడో ప్రైవేటులో ఫిలిం తీయిస్తే వెన్ను అరిగిపోయిందన్నారట. అప్పటినుంచి మనిషి వంగడం మానేశాడు. సైకిల్ అమ్మేశాడు. నేల మీద చాప వేసుకుని పడుకుంటున్నాడు. మనవరాలు ఎత్తుకోమని చేతులు చాస్తే పక్కకు తప్పుకుంటున్నాడు. మా గదిలోకి కూడా నిలువునా, గాజుపెట్టె మోస్తున్నవాడిలా వచ్చాడు.

సారు ఆయన కొత్త ఫిలిం చూశారు, మనిషిని పక్క గదిలోకి తీసుకుపోయి వీపంతా తట్టి చూశారు, ఎన్నో ప్రశ్నలు అడిగారు. తిరిగి వచ్చాక సొరుగులోంచి పాత ఫిలిం తీసి, రెండూ పక్కపక్కన పెట్టారు.

"గిది నీది. గిది ఇంకొగలది. ఎవలిది ఎక్కువ అరిగింది?"

ఓవర్‌మన్ వంగి చూశాడు. నాలుగు నెలల తరువాత వంగడం అదే అనుకుంటాను. "గిదే సారూ. అబ్బ, మొత్తం ముక్కులే ఉన్నయి గదా. ఏమాయె గాయినకు? మంచంల పడ్డడా?"

"రోజు సైకిల్ తొక్కుతడు. ఐతారం అంగడికి పోయి పది కిలోల బియ్యం యేస్కస్తడు. జర కోపం ఎక్కువ, గంతే."

రాజమౌళి కాక చీకటి గది తలుపు వెనక నిలబడి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఫిలిం ఎవరిదో డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. తెలియంది పేషెంట్లకే. ఓవర్‌మన్ పోయేటప్పుడు తలుపు దగ్గర జారిపడిన తువ్వాలను తనే వంగి తీసుకున్నాడు. అది సారు చూశారు. పాత ఫిలింను సొరుగులో పెట్టేసుకున్నారు.

*

ఇంక తోక సంగతి చెప్పాలి.

అరుగుడు ఉన్న ప్రతి రిపోర్టు చివరా ఆయన ఒకే వాక్యం చెప్పేవారు. తెలుగులో అది ఇలా ఉండేది: 'నొప్పికి కారణం ఈ మార్పులేనని ఫిలిం చెప్పదు, మనిషిని అడిగి, తట్టి చూడాలి.' మిగతా డాక్టర్లు దాన్ని చూసి నవ్వేవారు. ఫిలిం చూసేవాడు ఫిలిం సంగతి చెప్పాలి గాని మాకు పని చెప్పడమేమిటని ఒకాయన ముఖం మీదే అన్నాడు కూడా. రాజమౌళి కాక దానికి తోక అని పేరు పెట్టాడు. "సారు రిపోర్టు తోక లేకుంట గడప దాటది." రోజుకు ఆరేడుసార్లు రాసీ రాసీ నాకు అది చేతికి అంటుకుపోయింది. నేను చూడకుండా రాయగలిగిన వాక్యం అదొక్కటే.

దాన్ని ఒక్కసారి రాయకుండా వదిలేశాను. ఆ సంగతి ఇప్పటిదాకా డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

మా బాపు గనిలో ఫిల్లరు. తట్టతో, చెమ్మసు పారతో బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బులు నింపే పని. ఆ ఏడాది వానాకాలం నుంచి వీపు నొప్పి అంటున్నాడు. డిస్పెన్సరీలో మూడుసార్లు గోలీలిచ్చి, రాసుకోవడానికి మందిచ్చి పంపారు. నొప్పితోనే దిగుతున్నాడు, నొప్పితోనే ఎక్కి వస్తున్నాడు. చివరికి మెడికల్ బోర్డుకు పంపుతామని, ముందు వీపు ఫిలిం తీయించుకోమని రాశారు. బోర్డు అన్‌ఫిట్ అంటే బాపు ఇక గనిలోకి దిగక్కరలేదు.

కాలనీలో అందరూ ఒకటే మాట, రిపోర్టు గట్టిగా రాయించుకోవాలని. అవ్వ రెండు రోజులు నా వెంట పడింది.

"నువ్వు గాడనే కూసుంటవు గదనే. నీ చేతితోనె రాస్తవు. జర గట్టిగ రాయుమని సారుకు ఒక్క మాట చెప్పరాదు? నోట్ల నాలిక లేదా? గన్ని పుస్తకాలు సదివి ఏం ఫాయిదా?"

నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం ఉంటే వేరే మనిషినయ్యేదాన్ని.

బాపు ఫిలిం తీయించుకుని, నా వైపు చూడకుండానే బయట బెంచీ మీదికి వెళ్లిపోయాడు. డ్యూటీలో ఉన్న కూతురితో మాట్లాడకూడదని ఆయన అనుకునేవాడు. నంబరు వేసింది నేనే. సారు ముందుకు వచ్చేసరికి పేరు మీద నల్ల కాగితం పడింది. దువ్వెన టక్ టక్‌మంది. పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి.

"ఏం నాయినా, మస్తు మోసినవ్ గదా," అన్నారు ఫిలింతో. "ఏడో పూసకెల్లి పదకొండు దాక కుడిదిక్కు ముక్కులు. సందులు సన్నవడ్డయి. వయసుకు, పనికి తగ్గ అరుగుడు." తొమ్మిదో పూస దగ్గర దువ్వెన ఒక్క క్షణం ఆగింది. "గీడ జర మసకున్నది. ఫిలిం తీస్తుంటె ఊపిరి ఇడిసినట్టున్నడు." దువ్వెన కిందికి దిగింది. తరువాత ఇంగ్లీషులో చెప్పారు. చివర అలవాటు ప్రకారం తోక చెప్పి, ప్యాలాల డబ్బా వైపు చెయ్యి చాపారు.

నేను సాఫు ప్రతి రాశాను. ముక్కులు రాశాను, సందులు రాశాను, ఐదు పూసల అంకెలూ రాశాను. ఆ కాగితం ఎంత గట్టిగా ఉందో చూస్తుంటే నాకే భయం వేసింది. ఇక్కడితో ఆగితే చదివినవాళ్లెవరైనా ఈ మనిషి వెన్ను పోయింది అనుకుంటారు. తోక తగిలిస్తే అదంతా మెత్తబడిపోతుంది. ఒక అబద్ధం కూడా రాయక్కరలేదు. నోరు తెరిచి అడగలేనిదాన్ని, కలం ఎత్తి పక్కన పెడితే చాలు. పెట్టేశాను.

ఆయన ప్రతి రిపోర్టునూ వేలు కింద పెట్టుకుంటూ చదివేవారు. ఆ రోజు వేలు చివరి వరుస దాకా వచ్చి ఖాళీ కాగితం మీదికి జారింది. అక్కడ ఆగింది. రిపోర్టును నా వైపు తిప్పారు.

"బిడ్డా, ఒక మాట తక్కువున్నది."

తల ఎత్తలేదు. ఆయన నా వైపు చూసి, సంతకం పెట్టకుండానే ఫిలిం మీది నల్ల కాగితం ఊడదీశారు. ఎనిమిదేళ్లలో సంతకానికి ముందు ఆయన పేరు చూడడం అదొక్కసారే. బాపు పేరు చదివారు. తిడతారనుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. అవ్వకు ఏం చెప్పాలో కూడా అప్పుడే వెతుక్కుంటున్నాను.

ఆయన నా కలం మూత తీసి నా చేతికిచ్చారు. "రాయి."

రాశాను. అక్షరాలు గుండ్రంగా రాలేదు.

"గీ మాట ఎవల కోసమనుకున్నవ్? పేషెంటు కోసం అనుకున్నవా?" గొంతు మామూలుగానే ఉంది. "నాలాంటోళ్ల కోసం. అరుగుడు దొరకంగనే డాక్టరు ఎతుకుడు బంద్ జేస్తడు. ఇగో దొరికింది గదా దొంగ, అనుకుంటడు. ఇంట్ల ఉన్న ముసలోన్ని పట్టుకొని దొంగ అన్నట్టు. అసలు దొంగ అటుకెక్కి కూసుంటడు."

అంటూనే ఆయన ఫిలిం వైపు తిరిగారు. దువ్వెన మళ్లీ తొమ్మిదో పూస దగ్గరికి వెళ్లింది. ఆ మసక దగ్గరే చాలాసేపు ఉంది.

"నేను సుత బంద్ జేసిన," అన్నారు నెమ్మదిగా. "మీ బాపును పిలువు."

బాపును బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పిడికిలి కణుపుతో ఒక్కో పూస మీద తట్టుకుంటూ వచ్చారు. ముక్కులు నిండా ఉన్న పూసల మీద తడుతుంటే బాపు కిమ్మనలేదు. తొమ్మిదో పూస మీద తట్టగానే బల్ల అంచు పట్టుకున్నాడు. టబ్బు కాలి మీద పడ్డ రోజు కూడా అరవని మనిషి మా బాపు.

"నొప్పి ఎప్పుడు ఎక్కువుంటది? బరువెత్తినప్పుడా?"

"బరువెత్తితె ఉంటది సారూ. కాని పండుకుంటె ఇంకా ఎక్కువైతది. నిద్ర పట్టనియ్యది."

"పొద్దుగూకితె ఒళ్లు యెచ్చవడ్తదా?"

బాపు నా వైపు చూశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అని ఆ చూపులోనే తెలిసింది. "జర సన్నంగ. రోజు."

ఊపిరి బిగబట్టించి, ఆ ఒక్క చోటునే పెద్దదిగా పక్కనుంచి ఇంకో ఫిలిం తీయించారు. అది ఆరేదాకా ఆగలేదు, నీళ్లు కారుతుండగానే లైటు పెట్టె మీద పెట్టారు. తొమ్మిదో పూస కింది అంచు, పదో పూస పై అంచు చూపించి నన్నే అడిగారు, ఏం కనబడుతోందని.

మొదటి రోజు అడిగిన ప్రశ్నే. ఈసారి కనబడింది. "అంచు లేదు సారూ. అరిగిన కాడ అంచు తెల్లగ గట్టిగ ఉన్నది. గీడ కరిగినట్టున్నది."

"అరుగుడు వేరు, తినుడు వేరు," అన్నారు. "గిది తింటున్నది."

వెన్నుపూసకు టీబీ. ఇంకొన్నాళ్లు అలాగే తట్ట ఎత్తుతూ ఉంటే ఆ పూస కూలి కాళ్లు పడిపోయేవట. అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నా అంతే, వెన్ను అరిగిందనుకుంటూ నూనె రాసుకుంటూ కూర్చునేవాడు. నేను వదిలేసిన వాక్యం వెనక ఉన్నది అది. బాపు మూడు నెలలు చెక్కబల్ల మీద కదలకుండా పడుకున్నాడు, ఏడాదిన్నర మాత్రలు మింగాడు. ఆ తరువాత పైన ల్యాంప్ రూమ్‌లో పని ఇచ్చారు. ఇప్పుడు దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కి వచ్చాక లెక్క చూసి తీసుకుంటాడు. ముక్కులు ఐదూ అలాగే ఉన్నాయి. వాటి వల్ల ఆయనకు ఏ బాధా లేదు.

ఆ రోజు సంగతి సారు మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఒకే ఒక తేడా వచ్చింది. మరునాటి నుంచి తోక చెప్పడం మానేశారు. మిగతాదంతా చెప్పి, చివర నా వైపు చూసి ఊరుకునేవారు. నేను రాసేదాన్ని.

*

రిటైరైన రోజు ఆయన బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే నేనూ రాజమౌళి కాకా నిలబడ్డాం. దువ్వెన జేబులో పెట్టుకున్నారు. ప్యాలాల డబ్బా కాకకిచ్చారు. పాత ఫిలిం తీసి, లైటుకు ఒకసారి పట్టి చూసి, మళ్లీ సొరుగులోనే పెట్టారు.

"గిది గీడనే ఉండని. భయపడేటోళ్లు అస్తనే ఉంటరు. ఇంటికాడ నాకేం పని దీనితోని?"

నేను ఏదో చెప్పాలనుకుని మూడు రోజుల ముందే డైరీలో రాసుకుని పెట్టుకున్నాను. నమస్తే సారూ అని మాత్రం అనగలిగాను. ఆయన సైకిల్ ఎక్కే ముందు, ఎప్పటిలాగే, తలుపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డారు. తరువాత వెళ్లిపోయారు.

ఇప్పుడొచ్చే కొత్త డాక్టరు వారానికి రెండు రోజులు వస్తారు. మంచివారే. వేగంగా చూస్తారు. రిపోర్టు రెండు వరుసలు. రెండో వరుస చాలావరకు 'వయసుతో వచ్చే అరుగుదల' అని ముగుస్తుంది. చెప్పనిది రాసే హక్కు నాకు లేదు. చెప్పింది రాయకుండా వదిలేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి, అటూ ఇటూ చెయ్యి కదపను.

ఖానాపూర్ పెద్దాయన ఆ కబురు చెప్పాక నేను లోపలికి వచ్చి సొరుగు తెరిచాను. ఫిలిం లైటు పెట్టె మీద పెట్టాను. నంబరు చూసి, బీరువాలోంచి ఆ ఏటి రిజిస్టరు తీయించాను. నేను చేరకముందుది, ఎవరి చేతిరాతో. నంబరు ఉంది, వయసు ఉంది. రిపోర్టు రాయాల్సిన చోట ఖాళీ. సారు తన ఫిలింకు తను రిపోర్టు చెప్పుకోలేదన్నమాట.

డైరీ తీసి నేను రాయడం మొదలుపెట్టాను, తెలుగులో. కలం వెనకవైపుతో పైనుంచి లెక్కపెట్టాను, కిందినుంచి లెక్కపెట్టాను. కలిశాయి. ఐదో పూస నుంచి పన్నెండు దాకా కుడివైపు ముక్కులు. నాలుగు చోట్ల ఒకదాన్నొకటి అందుకుని కలిసిపోయాయి. సందులు సన్నబడ్డాయి. అంచులన్నీ తెల్లగా, గట్టిగా ఉన్నాయి, ఎక్కడా తినలేదు. ఎడమవైపు నున్నగా ఉంది, అక్కడ మనిషి మెసులుతూ ఉన్నట్టే ఉంది. నొప్పికి కారణం ఈ మార్పులేనని ఫిలిం చెప్పదు, మనిషిని అడిగి...

అక్కడ చెయ్యి ఆగింది.

ఎనిమిదేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. రోజూ సాయంత్రం ఆ తలుపు చట్రం పట్టుకుని నిలబడడం చూశాను. పది కిలోల బియ్యం, ఐతారం అంగడి, కోపం ఎక్కువ అన్న హాస్యం వందసార్లు విని వందసార్లూ నవ్వాను. సారూ, మీకు నొప్పి ఉంటదా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరూ అడిగినట్టు లేదు. ఆయన ఫిలింకు తోక రాయడానికి ఇప్పుడు అడగవలసిన మనిషి లేడు.

వాక్యాన్ని అలాగే సగంలో ఉంచి డైరీ మూశాను.

రాజమౌళి కాక చీకటి గదిలోంచి తడి ఫిలిం ఒకటి పట్టుకుని వచ్చాడు. ఖానాపూర్ పెద్దాయనది. కొత్త డాక్టరు రేపటికి గాని రారు. నేను దాన్ని చూడలేదు. రేకు డబ్బాలోంచి నల్ల కాగితం ముక్క తీసి పేరు మీద అంటించి, ఒక ఖాళీ చీటీ తీసుకుని బయటికి నడిచాను. ఈ గదిలో చేరాక పేషెంటు దగ్గరికి నా అంతట నేను వెళ్లడం అదే మొదటిసారి. బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"పెద్దనాయినా, నొప్పి ఏడ ఉంటది? పండుకుంటె తగ్గుతదా, ఎక్కువైతదా?"

ఆయన నా ముఖంలోకి వింతగా చూశాడు. "గిది ఎవలు అడగలే బిడ్డా ఇప్పటిదాక," అని, చొక్కా గుండీలు మళ్లీ విప్పుకుంటూ, నా వైపు వీపు తిప్పాడు.